నల్లరేగడిలో ఇల్లు: గోడ బీటలు, సెల్లారు ఊట

నాందేడ్ జిల్లాలో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు గోడ బీటలు వారిందంటే చాలామంది మేస్త్రిని తిట్టుకుంటారు. నేనైతే ముందు నేలను అనుమానిస్తాను. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలు తీస్తుంది. ఇంటికి ఒక మూల తడిసి, మరో మూల ఎండిపోతే గోడ చీలక మానదు.

సమస్య: కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా దిగే బీట.

కారణం: వేసవిలో వెడల్పై, వానల్లో మూసుకుపోతుంటే అది రేగడి కదలిక. ఏ కాలంలోనైనా పెరుగుతూనే ఉంటే పునాది కుంగుతోంది. బీట చివర్లలో పెన్సిలుతో గీత గీసి పక్కనే తేదీ రాయండి. బీటకు అడ్డంగా సన్నని గాజు ముక్కను సిమెంటుతో అతికించండి. అది పగిలితే కదలిక ఆగలేదన్నమాట. రెండు కాలాలూ చూసి తేల్చుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? దసరాకు రంగు వేయించి కప్పేస్తారు, వేసవికి అదే గీత మళ్లీ తేలుతుంది. కానీ తలుపులు పట్టేస్తూ, బీట వారాల్లోనే పెరుగుతుంటే ఆగకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

పరిష్కారం: ముందు నీళ్ల సంగతి చూడండి. డాబా నీళ్లు పునాది పక్కన పడకుండా గొట్టం దూరంగా లాగండి. స్నానాల గది పైపు కారుతోందేమో చూడండి. ఇంటి చుట్టూ మీటరు వెడల్పున, బయటికి వాలుగా కాంక్రీటు చప్టా వేసి, గోడకు ఆనే సందును తారుతో నింపండి. గోడ పక్కన పెద్ద వేప ఉంటే ఒక్కసారిగా నరికేయకండి. వేర్లు పీల్చడం ఆగితే ఎండిన నేల తిరిగి ఉబ్బి, కొత్త బీటలు తెస్తుంది. ఇంత చేసినా కుంగుతుంటే పునాది కింద తవ్వి కాంక్రీటు నింపాలి. ఒక్కసారిగా తవ్వితే ఇల్లే దిగుతుంది. ఒక ముక్క విడిచి ఒక ముక్కగా, ఇంజినీరు దగ్గరుండి చేయించాలి. కొత్త ఇంటికైతే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే, అడుగున గుండ్రంగా ఉబ్బు ఉండే కాంక్రీటు స్తంభాలు మేలు. ఉబ్బు వ్యాసం స్తంభం వ్యాసానికి సాధారణంగా రెండున్నర రెట్లు. పైల్స్ కలిపే బీము కింద నేలకు తగలకుండా ఖాళీ వదలడం మరువకండి.

సమస్య: సెల్లారు గోడ చెమ్మ, మూలల్లో నీళ్లు.

కారణం: గోడకు అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గది వైపు తడిస్తే గాలిలోని తేమ. గోడ వైపు తడిస్తే బయటి ఊట.

పరిష్కారం: గాలి తేమకు కిటికీ, ఫ్యాను చాలు. ఊటైతే గోడ, నేల కలిసే సందును గాడిగా చెక్కి, త్వరగా గట్టిపడే సిమెంటుతో బిగించి, పైన క్రిస్టలైన్ పూత (కాంక్రీటు రంధ్రాల్లో స్ఫటికాలుగా పెరిగి నీటిని ఆపేది) వేయాలి. మామూలు రంగు నీటి ఒత్తిడికి పొక్కులు లేస్తుంది. వీలైతే బయట తవ్వి, గోడకు నీరు చొరని పొర వేసి, అడుగున కంకరతో కాలువ పెట్టించండి. తవ్విన రేగడినే మళ్లీ గోడకు ఆనించి నింపవద్దు, తడిస్తే గోడను తోస్తుంది, మొరం నింపండి. ఈ పనులు పూర్తయ్యేదాకా సెల్లారులో దాచిన మిర్చి బస్తాలను చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంగా పేర్చుకోండి.