గుర్రం లేకపోయినా వెస్టర్న్ రైడింగ్ క్లబ్‌లో చేరొచ్చు
టెక్సాస్, ఓక్లహోమా వైపు ఉంటున్న మనవాళ్ళకి ఒక మాట. దగ్గర్లో వెస్టర్న్ రైడింగ్ (కౌబాయ్ పద్ధతి గుర్రపు స్వారీ) క్లబ్ ఉందని తెలిసినా "మనకి గుర్రం లేదు కదా" అని చాలామంది అటు వెళ్ళరు, కానీ అలాంటి క్లబ్బులు నడిచేదే వాలంటీర్లతో, పోటీ రోజున ఎంతమంది వచ్చినా పని ఉంటుంది. కాస్త ముందే వెళ్ళి, చూసుకునేవాళ్ళెవరో కనుక్కుని, ఏదైనా పని ఇవ్వమని నేరుగా అడిగేయండి.

గేటు దగ్గర తర్వాతి రైడర్‌ని పిలవడం, టైములు రాయడం, తినుబండారాల స్టాల్లో నిలబడటం, ఇవన్నీ కొత్తవాళ్ళు చేయగలిగినవే. నన్నడిగితే బ్యారెల్ రేసులో (డ్రమ్ముల చుట్టూ గుర్రాన్ని ఎంత త్వరగా తిప్పుకొస్తారో చూసే పోటీ) పడిపోయిన డ్రమ్ముని లేపి మళ్ళీ గుర్తు మీద పెట్టే పని అన్నిటికంటే మంచిది. మూడు డ్రమ్ముల చుట్టూ గుర్రం ఎలా తిరుగుతుందో, మలుపు ముందు వేగం ఎక్కడ తగ్గిస్తారో అంత దగ్గర్నుంచి చూడొచ్చు, డ్రమ్ము పడితే చాలా పోటీల్లో రైడర్ టైముకి కలిపే 5 సెకన్లు ఎంత పెద్ద దెబ్బో కూడా అప్పుడే తెలుస్తుంది.

పిల్లలుంటే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (యూనివర్సిటీ తరఫున ప్రతి కౌంటీలో వ్యవసాయం లాంటి విషయాల్లో సాయం చేసే ఆఫీసు) ఫోర్-హెచ్ (4-H, పిల్లలకి పనులు నేర్పే కార్యక్రమం) గుర్రాల క్లబ్ గురించి అడగండి. సొంత గుర్రం లేని పిల్లల కోసమే చాలా చోట్ల వేరే ప్రాజెక్ట్ ఉంటుంది.

చెప్పులు వద్దు, పాదం మొత్తం కప్పే గట్టి బూట్లు వేసుకోండి. గుర్రం దగ్గరికి వెనక నుంచి అస్సలు వెళ్ళొద్దు, యజమానిని అడక్కుండా ఏమీ తినిపించొద్దు. సభ్యత్వం డబ్బులు ఒకటి రెండు సార్లు వెళ్ళి చూశాక కట్టొచ్చు.