పోస్టర్ మీద వంద కోట్లు: పొగిడే ముందు, తిట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

శుక్రవారం సినిమా వస్తే శనివారం పొద్దున్నకల్లా పోస్టర్ దిగిపోతుంది. హీరో మొహం పక్కన పెద్ద అంకె, దాని వెనక ఒక ప్లస్ గుర్తు, అడుగున కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో 'వరల్డ్‌వైడ్ గ్రాస్'. ఆ అంకె చూసి ఒక వర్గం బ్లాక్‌బస్టర్ అంటుంది, ఇంకో వర్గం ఫేక్ అంటుంది. రెండు వర్గాలూ లెక్క మాత్రం వేయవు. అందుకు కావాల్సింది ఫోన్‌లో కాలిక్యులేటర్, నాలుగు మాటల అర్థం, అంతే.

ముందు ఆ నాలుగు మాటలు. ప్రేక్షకుడు టికెట్‌కి కట్టిన మొత్తం, పన్నుతో సహా, గ్రాస్. (యాప్ పైన వేసుకునే కన్వీనియన్స్ ఫీజు ఇందులోకి రాదు.) గ్రాస్‌లోంచి జీఎస్టీ తీస్తే నెట్. నెట్‌లోంచి థియేటర్ అద్దె గానీ థియేటర్ వాటా గానీ పోయాక డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. ఆ ఏరియా హక్కులకు డిస్ట్రిబ్యూటర్ కట్టిన ధర బిజినెస్. హిట్టా ఫ్లాపా అన్నది షేర్‌ని బిజినెస్ పక్కన పెట్టి తేల్చాలి. పోస్టర్ మీద ఉండేదేమో గ్రాస్. గొడవంతా ఇక్కడే పుడుతుంది.

పన్ను తీయడం

టికెట్ వంద రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ. వంద, అంతకంటే తక్కువైతే 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకు ముందు 12. చాలామంది గ్రాస్‌లోంచి నేరుగా 18 శాతం కొట్టేస్తారు. అది తప్పు. పన్ను అసలు ధర మీద పడింది కాబట్టి 1.18తో భాగించాలి. హైదరాబాద్ సింగిల్ స్క్రీన్‌లో మనం తరచూ చూసే 177 రూపాయల టికెట్ తీసుకోండి: అసలు ధర 150, పన్ను 27. కొట్టేసే పద్ధతిలో 145 వస్తుంది. టికెట్‌కి అయిదు రూపాయల తేడా చిన్నదిగా కనిపించినా వంద కోట్ల మీద రెండున్నర కోట్ల పైమాటే. మల్టీప్లెక్సులో 295 కూడా అంతే, 250 మీద 18 శాతం.

అద్దె ఏం చేస్తుందో చూడండి

ఇదొక్కటి అర్థమైతే మిగతాదంతా తేలిక. ఊహకి ఒక 800 సీట్ల థియేటర్ అనుకుందాం. అన్నీ 177 రూపాయల సీట్లే, రోజుకి నాలుగు ఆటలు, రోజు అద్దె 40 వేలు.

హౌస్‌ఫుల్ రోజున గ్రాస్ 5,66,400. పన్ను పోతే 4,80,000. అద్దె పోతే షేర్ 4,40,000. అంటే గ్రాస్‌లో దాదాపు 78 శాతం డిస్ట్రిబ్యూటర్‌కే.

అదే థియేటర్‌లో పదో రోజుకి పది శాతం జనమే ఉన్నారనుకోండి. గ్రాస్ 56,640, నెట్ 48,000, షేర్ 8,000. గ్రాస్‌లో 14 శాతం. ఎనిమిది శాతానికి పడితే నెట్ 38,400. అద్దెకే చాలదు, డెఫిసిట్. డిస్ట్రిబ్యూటర్ ఎదురు కట్టాలి.

కాబట్టి రెండో వారంలో పోస్టర్ అంకె రోజూ పెరుగుతూనే ఉంటుంది, షేర్ మాత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. 'ఇంకా పరిగెడుతోంది' అని మురిసిపోయేవాళ్లు చూస్తున్నది ఆ పెరుగుదలనే. 2025 వేసవిలో ఎగ్జిబిటర్లు అద్దెలు వద్దు, పర్సంటేజీ ఇవ్వండని థియేటర్లు మూసేస్తామనేదాకా వెళ్లారు. ఆ గొడవకి మూలం కూడా ఈ లెక్కే, కాకపోతే అటువైపు నుంచి: హౌస్‌ఫుల్ రోజున ఆ థియేటర్ ఓనర్‌కి మిగిలింది ఆ 40 వేలే.

మల్టీప్లెక్సుల్లో అద్దె ఉండదు, వాటా ఉంటుంది. హిందీ సినిమాలకి 2009లో కుదిరిన ఒప్పందం మొదటి వారం డిస్ట్రిబ్యూటర్‌కి నెట్‌లో 50 శాతం, తర్వాత 42.5, 37.5, ఆపైన 30. తెలుగు సినిమాల షరతులు దీనికి వేరుగా ఉండొచ్చు గానీ, వారాలు గడిచే కొద్దీ డిస్ట్రిబ్యూటర్ వాటా తగ్గే తీరు ఇదే.

ఏరియా వివరాలు దొరకనప్పుడు మోటు లెక్క: మొదటి వారాంతంలో తెలుగు రాష్ట్రాల గ్రాస్‌లో 60 శాతం చుట్టుపక్కల, ప్రపంచవ్యాప్త మొత్తంలో సగం కంటే కాస్త ఎక్కువ షేర్ అనుకోండి. వంద కోట్ల గ్రాస్ పోస్టర్ వేసిన సినిమా బిజినెస్ 60 కోట్లయితే అది ఇంకా గట్టెక్కలేదన్నమాట.

షేర్ అని రాసినా నమ్మే ముందు

రెండు మాటలు వెతకండి. ఒకటి 'జీఎస్టీ కలిపి'. డిస్ట్రిబ్యూటర్ వాటా మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది కలిపి చెప్పిన 20 కోట్ల నైజాం (తెలంగాణ ఏరియా) షేర్ నిజానికి 16.95 కోట్లు. పాత సినిమా పన్ను లేకుండా, కొత్త సినిమా పన్నుతో, రెంటినీ పక్కపక్కన పెట్టి 'రికార్డ్ బద్దలు' అనడం మామూలైపోయింది.

రెండోది 'హైర్స్ కలిపి'. జిల్లాల్లో కొన్ని థియేటర్లు సినిమాని ఇంతకని ముందే మాట్లాడుకుని వేసుకుంటాయి. ఆ డబ్బు మొదటి రోజు షేర్‌లోనే పడిపోతుంది, లోపల జనం ఉన్నా లేకపోయినా. హైర్స్ బాగా కలిసిన మొదటి రోజుని చూసి రెండో రోజు 'డ్రాప్' అని ఏడవకండి, మొదటి రోజుని చూసి ఎగరనూ వద్దు.

ఒక మెచ్చుకోలు కూడా చెప్పాలి. నైజాం, సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీగా షేర్ చెప్పుకునే అలవాటు మన ట్రేడ్‌కి ఎప్పటినుంచో ఉంది. దేశం మొత్తానికి ఒకే అంకె చెప్పేసి ఊరుకునే పద్ధతి కంటే ఇది ఎంతో నిజాయతీ గలది. ఎక్కడ ఆడింది, ఎక్కడ మునిగింది అన్నది దాచడానికి వీలుండదు. (1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న ప్రాంతం పేరు ఇవాళ్టికీ పోస్టర్ల మీద 'సీడెడ్'గా బతికే ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినా ట్రేడ్ పటం మాత్రం కదల్లేదు.) ఏరియా షేర్లు వేయడం మానేసి ఒక్క గ్రాస్ పోస్టర్‌తో సరిపెట్టిన సినిమాని అనుమానంగానే చూడండి. బాగా వచ్చిన అంకెని ఎవరూ దాచుకోరు.

అమెరికా డాలర్లు

మిలియన్ డాలర్ అంటే డాలర్ 85 రూపాయలున్నప్పుడు ఎనిమిదిన్నర కోట్ల గ్రాస్. అందులో దాదాపు సగం థియేటర్లకే పోతుంది, ప్రచారం ఖర్చు వేరే. ఇంకో కిటుకు: అక్కడ ప్రీమియర్లు మన విడుదలకి ముందు రోజే పడతాయి. 'మొదటి రోజు' అంకెలో ప్రీమియర్లు కలిశాయా లేదా చూడకుండా రెండు సినిమాల మొదటి రోజుల్ని పోల్చకూడదు. 2024 డిసెంబర్‌లో 'పుష్ప 2' నిర్మాతలు మొదటి రోజుకి 294 కోట్లు ప్రకటించారు. అంత పెద్ద అంకెతో ఇంకో సినిమాని తూచేటప్పుడు మొదట అడగాల్సింది ఇదే: ముందు రాత్రి ఆటలు రెండు వైపులా ఒకేలా లెక్కేశారా, టికెట్ ధర ఎంత?

ధర సంగతి వదలకండి. రాష్ట్రాల గ్రాస్ వంద కోట్లు, సగటు టికెట్ 200 అయితే చూసినవాళ్లు 50 లక్షలు. అదే వంద కోట్లు 130 రూపాయల సగటుతో వస్తే 77 లక్షలు. రేట్లు పెంచుకోమని జీవో ఇచ్చిన మొదటి పది రోజుల్ని, పెంపు లేకుండా వచ్చిన సినిమాతో గ్రాస్‌లో పోల్చడం అన్యాయం. జనం లెక్కలో పోల్చండి. చిన్న సినిమాకి నిజమైన పొగడ్త అక్కడ దొరుకుతుంది.

బుకింగ్ యాప్ చూసి తీర్పు చెప్పేవారికి

'ఫాస్ట్ ఫిల్లింగ్' రంగు మారగానే స్క్రీన్‌షాట్ తీయకండి. లోపలికెళ్లి సీట్ల పటం చూడండి. మామూలు జనం వెనక వరసల మధ్య నుంచి జంటలుగా, నలుగురుగా నింపుకుంటూ వస్తారు. వెనక వరసలు ఖాళీగా ఉండి ముందు రెండు వరసలు గోడ కట్టినట్టు నిండి ఉంటే అది బ్లాక్ చేసిన సీట్లో, గంపగుత్తగా కొన్నవో అయ్యుండొచ్చు. ఆటకి అరగంట ముందు మళ్లీ చూడండి. నిండిన సీట్లు ఖాళీ అయితే సంగతి తేలిపోయినట్టే. ఒక్క ఆట చూసి నిర్ణయానికి రాకండి, ఊరికి మూడు థియేటర్లు, ఫస్ట్ షో ఒకటి, మ్యాట్నీ ఒకటి.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, దేవి, సుదర్శన్ లాంటి థియేటర్ల రోజువారీ అంకెలు బయటికొస్తుంటాయి. ఫుల్ అయితే ఎంతో తెలిసిన థియేటర్ కాబట్టి అక్కడ అబద్ధం చెప్పడం కష్టం. కాకపోతే అది అభిమానుల అడ్డా. అక్కడ నిండిందని నెల్లూరులో నిండినట్టు కాదు.

సోమవారం

మన పెద్ద సినిమాలకి మొదటి మూడు రోజులు హీరోవి, సోమవారం నుంచి సినిమావి. సోమవారం షేర్‌ని మొదటి రోజు షేర్‌తో భాగించండి. హైర్స్, ప్రీమియర్లు, రేట్ల పెంపు తీసేసి చూస్తే ఇంకా మంచిది. ఆ నిష్పత్తి సగం దగ్గర నిలబడిందంటే జనం నోటిమాట పని చేస్తోంది. పదో వంతుకి పడితే ఎవరి సమీక్షా అక్కర్లేదు. సంక్రాంతి, దసరా సెలవుల్లో ఈ పరీక్ష చెల్లదు. సెలవులయ్యాక వచ్చే మొదటి పనిరోజు వరకు ఆగాలి.

నష్టం ఎవరిది

'బయ్యర్లు (హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్లు) రోడ్డున పడ్డారు' అని రాసే ముందు ఒప్పందం ఏ రకమో కనుక్కోండి. బిజినెస్ 60 కోట్లు, చివరికి షేర్ 48 కోట్లు అనుకుంటే: అవుట్‌రైట్‌గానో (హక్కులు పూర్తిగా కొనేసి), తిరిగివ్వని అడ్వాన్స్ అయిన ఎన్‌ఆర్‌ఏ మీదో కొంటే 12 కోట్లూ బయ్యర్ నెత్తినే. తిరిగిచ్చే అడ్వాన్స్ అయితే నిర్మాత వెనక్కివ్వాలి. కమిషన్ మీద వేస్తే బయ్యర్‌కి పోయేదేమీ లేదు, ఆ 60 కోట్లు ఎవరూ కట్టినవి కావు, ట్రేడ్ వేసిన విలువ మాత్రమే. ఇక నిర్మాత సంగతి వేరే పుస్తకం: ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్, ఆడియో డబ్బులు ఆయనవి. అందుకే థియేటర్ షేర్‌ని సినిమా బడ్జెట్‌తో పోల్చి 'సగం కూడా రాలేదు' అనడం అరకొర లెక్క.

రాసేటప్పుడు

మీ వాక్యంలో నాలుగూ ఉండాలి: ఎన్ని రోజులు, ఏ ఏరియా, షేరా గ్రాసా, దేనితో పోలుస్తున్నారు. 'వారం రోజులకి తెలుగు రాష్ట్రాల్లో పన్ను లేకుండా 31 కోట్ల షేర్, బిజినెస్ 40, సీడెడ్ గట్టెక్కింది, నైజాం ఇంకా దూరంలో ఉంది' అంటే ఎవరూ కాదనలేని విమర్శ. 'డిజాస్టర్, థియేటర్లు ఖాళీ' అనేది తిట్టు. 'నాన్ బాహుబలి రికార్డ్', 'టైర్-2 హీరోల్లో సెలవు కాని బుధవారం రికార్డ్' లాంటివి ఎక్కడ కనిపించినా దాటేయండి. అన్ని షరతులు పెడితే ప్రతి సినిమాకీ ఒక రికార్డ్ దొరుకుతుంది. ఒకప్పుడు సినిమాని ఒక థియేటర్ నుంచి ఇంకో థియేటర్‌కి మార్చుకుంటూ 'షిఫ్టింగ్‌లతో వంద రోజులు' అని రాసుకునేవాళ్లు, ఇదీ ఆ బాపతే.

అంకెలు రెండు చోట్ల వేర్వేరుగా కనిపిస్తే పెద్దదీ చిన్నదీ కలిపి సగటు తీయకండి. ఒకటి జీఎస్టీతో, ఒకటి లేకుండా ఉందేమో 1.18తో భాగించి చూడండి. చాలాసార్లు రెండూ ఒకటే అవుతాయి.

చివరి తీర్పుని ఓటీటీ తేదీ వరకు ఆపుకోండి. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ ఎనిమిది వారాల గడువు మాట్లాడుకున్నా, చాలా సినిమాలు నాలుగు వారాలకే ఇంటికొచ్చేస్తున్నాయి. కాబట్టి 28వ రోజు దగ్గర ఏరియాల వారీగా ఫైనల్ షేర్ రాసుకుని, మొదటి సోమవారం మీరు చెప్పిన మాట పక్కన పెట్టుకోండి. తప్పితే ఏ ఏరియాలో తప్పిందో రాసి పెట్టుకుంటే, ఆ హీరో తర్వాతి సినిమా పోస్టర్ వచ్చిన శనివారం పనికొస్తుంది.