ఓణీ ఒక్కటే ఎర్రగా, వెనక స్కూటర్ మాయం: గింప్‌లో ఎలా?

ఇంటి ముందు తీసిన ఓణీల ఫంక్షన్ ఫొటో ఒకటి తీసుకుందాం. అమ్మాయి ఎర్ర ఓణీలో నిలబడింది. వెనక స్కూటర్, కేబుల్ వైర్లు, ఆకుపచ్చ గేటు. ఓణీకి తప్ప మిగతా అంతటికీ రంగు తీసేయడం ఒక పని, వెనక దృశ్యం మార్చడం ఇంకో పని. రెండింటికీ ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్ చాలు. ముందుగా ఒక మాట: ఇరేజర్ జోలికి వెళ్ళొద్దు. చెరిపింది తిరిగి రాదు, మాస్క్‌తో (ఫొటోలో కొంత భాగాన్ని చెరపకుండా దాచే ముసుగు) దాచింది ఎప్పుడైనా వస్తుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో మొదలుపెడితే సగం పని అక్కడే చెడుతుంది. మామూలుగా పంపితే అది ఫొటోని కుదించేస్తుంది, అంచుల దగ్గర చిన్న చిన్న గళ్ళు తేలతాయి. తీసినవాళ్ళని డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇప్పుడు రంగు పని. ఫొటో తెరిచి షిఫ్ట్+కంట్రోల్+డి నొక్కితే లేయర్‌కి, అంటే ఫొటో పొరకి, నకలు వస్తుంది. పైదాన్ని కలర్స్ మెనూలోని డీశాచురేట్‌తో నలుపు-తెలుపు చేయండి. లూమినెన్స్ పద్ధతి పెడితే చర్మం, బట్ట ఒకే బూడిదరంగులో కలిసిపోయే ప్రమాదం తక్కువ. తర్వాత లేయర్ మెనూలో మాస్క్, యాడ్ లేయర్ మాస్క్, అందులో వైట్. మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేసి, నల్ల బ్రష్‌తో ఓణీ మీద రాయండి. కింది రంగు బయటపడుతుంది. గీత దాటితే ఎక్స్ నొక్కి తెలుపుతో సరిదిద్దుకోవచ్చు. రాస్తుంటే ఫొటో మీదే నల్ల మరక పడిందంటే మీరు మాస్క్ బదులు లేయర్‌ని ఎంచుకున్నట్టు. కొత్తవాళ్ళందరూ ఒకసారైనా చేసే పొరపాటిది.

'ఎరుపుని ఒక్క క్లిక్‌తో ఎంచుకుంటే పోలా?' అనిపిస్తుంది. పోదు. మన చర్మంలో ఉండేది ఎరుపు, పసుపు ఛాయలే కాబట్టి పెదాలు, చేతివేళ్ళు, బుగ్గలు కూడా ఎంపికలోకి వచ్చేస్తాయి. చేత్తో గీయడమే మేలు.

ఓణీలో చిక్కు అంతా పలచటి చోట్లే. భుజం మీద బట్టలోంచి చర్మం కనిపిస్తుంటే అక్కడ బ్రష్ ఒపాసిటీ (రాత ఎంత చిక్కగా పడాలన్నది) 50కి తగ్గించండి. నిండుగా రాస్తే భుజానికి రంగు పూసినట్టుంటుంది. జరీ అంచుని బూడిదరంగులో వదలకండి, ఓణీని కత్తిరించినట్టు కనిపిస్తుంది. బొట్టుకి రంగు ఉంచితే అందంగానే ఉంటుంది. పెదాలకి మాత్రం వద్దు, చూపు ఓణీ మీంచి పక్కకి పోతుంది.

వెనక దృశ్యం మార్చడానికి మళ్ళీ అసలు రంగుల ఫొటోతోనే మొదలుపెట్టండి. ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ తీసుకుని మనిషి చుట్టూ వదులుగా గీసి, ఎంటర్ నొక్కండి. తర్వాత ముఖం, బట్టలు, చేతుల మీద బ్రష్ ఆడించండి. జుట్టు అంచుని 'డ్రా అన్‌నోన్'తో పూయండి, అక్కడ ఏది వెంట్రుకో ఏది గేటో గింప్ లెక్కకట్టుకుంటుంది. ప్రివ్యూ చూసుకుని సెలెక్ట్ చేశాక, సెలెక్ట్ మెనూలో ష్రింక్ (ఎంపికని లోపలికి కుదించడం) 1 పిక్సెల్, ఫెదర్ (అంచుని మెత్తబరచడం) 2 పిక్సెళ్ళు ఇవ్వండి. ఆ ఎంపికతోనే మాస్క్ పెట్టండి: యాడ్ లేయర్ మాస్క్‌లో ఈసారి వైట్ బదులు సెలెక్షన్. తర్వాత సెలెక్ట్ మెనూలో నన్ నొక్కి ఎంపిక తీసేయండి. కొత్త దృశ్యాన్ని 'ఓపెన్ యాజ్ లేయర్స్'తో తెచ్చి కిందికి జరపండి.

జడ పక్కన లేచిన వెంట్రుకలకి గేటు ఆకుపచ్చ అంటుకునే ఉంటుంది. దానికోసం మాస్క్‌ని కొరుక్కుంటూ పోతే జుట్టు విగ్గులా తయారవుతుంది. మాస్క్‌ని వదిలి లేయర్ బొమ్మ మీద క్లిక్ చేయండి. క్లోన్ టూల్ (ఒక చోటి రంగుని ఇంకో చోట పూసేది) తీసుకుని, కంట్రోల్ పట్టుకుని లోపలి నల్ల జుట్టు మీద క్లిక్ చేసి, అంచు మీద ధారాళంగా పూయండి. బయటికి పొంగినదాన్ని మాస్క్ దాచేస్తుంది, వెంట్రుకల ఆకారం అలాగే ఉండి రంగు మాత్రమే మారుతుంది.

ఇంత చేసినా అతికించినట్టుందంటే లోపం సాధారణంగా వెలుగుదే. ముఖం మీద వెలుగు ఎడమనుంచి పడుతుంటే కొత్త దృశ్యంలో నీడలు కుడివైపే పడాలి. పడకపోతే ఆ దృశ్యాన్ని ఫ్లిప్ చేయండి, లేదా ఇంకోటి వెతకండి. వేరే దారి లేదు. సాయంత్రపు గుడి ముందు మధ్యాహ్నపు మనిషిని నిలబెడితే కలర్ టెంపరేచర్ కొంచెం వెచ్చగా జరపాలి. కాళ్ళు కనిపించే ఫొటో అయితే మనిషి కింద ఒక ఖాళీ లేయర్ తెరిచి, మెత్తటి నల్ల బ్రష్‌తో పాదాల దగ్గర నీడ వేసి, ఆ లేయర్ మోడ్ మల్టిప్లై (కింది రంగుని ముదురు చేసేది), ఒపాసిటీ 40 చుట్టూ ఉంచండి. అది లేకపోతే మనిషి గాల్లో తేలుతుంది.

స్కూటర్‌ని మార్చకుండా మసకబరిస్తే చాలనుకుంటే గాసియన్ బ్లర్ ఉంది. మాస్క్ పెట్టిన మనిషి లేయర్ కింద అసలు ఫొటో నకలు ఉంచి, దాన్ని మసకబరచాలి. కానీ ముందు ఆ కింది లేయర్‌లో మనిషి ఉన్న చోటుని క్లోన్‌తో గోడ, నేలతో నింపేయండి. లేదంటే ఓణీ ఎరుపు మసకలోకి కారి మనిషి చుట్టూ వలయంలా కనిపిస్తుంది.

కంట్రోల్+ఎస్ నొక్కితే పని లేయర్లతో సహా ఎక్స్‌సీఎఫ్ (గింప్ సొంత ఫైలు రకం) ఫైలుగా సేవ్ అవుతుంది. ప్రింట్‌కి షిఫ్ట్+కంట్రోల్+ఇ నొక్కి, జేపెగ్ క్వాలిటీ 90కి తగ్గకుండా ఎక్స్‌పోర్ట్ చేయండి. స్టూడియోకి పంపేముందు 100 శాతం జూమ్‌లో జడ అంచు ఒక్కసారి చూసుకోండి.