గల్ఫ్ జీతం బకాయిలను ప్రాంతీయ వేదికల దాకా తీసుకెళ్లడం ఎలా

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు జీతం అందక తిరిగొస్తే, ఊళ్లో తిరగాల్సిన చోట్లన్నీ తిరిగి చివరికి హైదరాబాద్‌లోని ఏదో ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గరికి చేరతారు. సంస్థ విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటైన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడుతుంది, రాయబార కార్యాలయానికి లేఖ రాస్తుంది. కొందరికి డబ్బులొస్తాయి. చాలామందికి రావు. మనిషి ఇక్కడికి వచ్చేశాక అక్కడి లేబర్ కోర్టులో అతని తరఫున నిలబడేవాళ్లుండరు, ఇక్కడి చట్టం అక్కడి కంపెనీ దాకా పోదు. ఏ ఒక్క దేశమూ ఈ సందును పూడ్చలేదు కాబట్టి, దేశాలు కలిసి కూర్చునే చోట ఈ మాట వినపడాలి. చిన్న సంస్థలు కూడా ఆ పని చేయగలవు.

మొదట ఫైలు

మీ సమయంలో ఎక్కువ భాగం దీనికే పోవాలి. బ్యాంకాక్‌లోనో జెనీవాలోనో వినేవాళ్లకు కష్టగాథలు కొత్త కాదు. వాళ్లకు దొరకనిది ఒకదానితో ఒకటి సరిపోల్చుకోగల ఆధారాలు. అందుకే ప్రతి కార్మికుడికీ ఒకే నమూనా పత్రం వాడండి. పాస్‌పోర్టు ఈసీఆరా (వలస అనుమతి తప్పనిసరైనదా) కాదా, వెళ్లింది కంపెనీ వీసా మీదా, విజిట్ వీసా మీదా, ఆజాద్ వీసా (పేరుకు ఒక యజమాని, పని మరెక్కడో) మీదా, ప్రభుత్వ వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదైందా, ఏజెంటు లైసెన్సు నంబరెంత, సబ్ ఏజెంటుకు ఎంత ముట్టింది, ఇక్కడ చెప్పిన జీతమెంత, అక్కడ చేతికొచ్చిందెంత అన్నవి తప్పకుండా ఉండాలి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి ఇచ్చినదాన్ని వేరే గడిలో రాయండి. అది నియామక మోసం కింద మరో ఫిర్యాదవుతుంది.

బకాయిని మూల జీతం, ఓవర్‌టైమ్, వాడుకోని సెలవుల డబ్బు, సర్వీసు ముగిసినప్పుడు రావాల్సిన గ్రాట్యుటీ అని విడగొట్టండి. అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే, అందులో ఒక్క భాగం తప్పని తేలినా మొత్తం లెక్క మీద అనుమానం వస్తుంది. లెక్క రియాళ్లలోనో దిర్హమ్‌లలోనో ఉండాలి. రూపాయల్లో రాస్తే మారకపు రేటు మారినప్పుడల్లా ఒకే బకాయికి మీ దగ్గరే రెండు మూడు అంకెలు తయారవుతాయి.

కంపెనీ పేరు దగ్గర ఎక్కువ ఫైళ్లు చెడిపోతాయి. అరబీ పేరును ఒక్కొక్కరు ఒక్కో తీరున పలుకుతారు, విన్నవాళ్లు విన్నట్టు రాస్తారు. ఇఖామా (అక్కడి నివాస కార్డు) మీదా ఒప్పందం మీదా ఉన్న అక్షరాలనే దించండి, కమర్షియల్ రిజిస్ట్రేషన్ నంబరు దొరికితే చేర్చండి. నేపాల్ సంస్థ దగ్గరున్న ఫిర్యాదూ మీ ఫిర్యాదూ ఒకే కంపెనీ మీదేనని తెలిసేది ఆ నంబరుతోనే.

తిరిగొచ్చే ముందు అరబీ కాగితం మీద సంతకం పెట్టారా అని మొదటిరోజే అడగండి. చాలాసార్లు అది ‘నా బకాయిలన్నీ ముట్టాయి’ అనే సెటిల్‌మెంటు కాగితం. ఖల్లివెల్లి అయిన (యజమానిని వదిలి కాగితాల్లేకుండా ఉన్న) కాలం ఉందా, సౌదీలో హురూబ్ కేసు (పారిపోయాడని యజమాని పెట్టే ఫిర్యాదు) పడిందా అన్నదీ అడగాలి. భయంతో దాచిపెడితే అవతలి పక్షం దాన్నే బయటపెడుతుంది.

గడువులను పత్రం పైభాగంలోనే రాయండి. ఖతార్, సౌదీ, కువైట్‌లలో ఉద్యోగం ముగిసిన ఏడాదిలోగా దావా వేయాలి. అంటే అక్కడ అతని తరఫున మరొకరు కేసు నడిపేలా ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ పని వెంటనే మొదలవ్వాలి. ఇక్కడ నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ (అంతర్జాతీయ ధ్రువీకరణ ముద్ర) చాలు. ఖతార్, కువైట్, యూఏఈలకు ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. మనిషి ఇంకా అక్కడే ఉంటే, విమానం ఎక్కకముందే అక్కడి నోటరీ దగ్గర చేయించడం అన్నిటికంటే మేలు.

సమ్మతి రెండు రకాలుగా తీసుకోండి: అతని కేసు నడపడానికి ఒకటి, పేరు తీసేసి నివేదికలో వాడుకోవడానికి మరొకటి. తమ్ముడో బామ్మర్దో ఇంకా అదే కంపెనీలో ఉంటే ఊరి పేరు కూడా తీసేయండి.

ఏ వేదికకు ఏది

సార్క్ మీద శక్తి పెట్టొద్దన్నదే మా సలహా. 2014 కాఠ్మాండూ ప్రకటనలో కార్మిక వలసల ప్రస్తావన వచ్చింది నిజమే కానీ, ఆ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. పైగా ద్వైపాక్షిక వివాదాలను దాని చార్టరే పక్కన పెట్టింది.

కొలంబో ప్రాసెస్ 2003లో మొదలైంది, కార్మికులను పంపే 12 ఆసియా దేశాలు అందులో ఉన్నాయి, 2024లో అధ్యక్షత భారత్‌కు వచ్చింది. 2008లో మొదలైన అబుధాబీ డైలాగ్‌లో గల్ఫ్ దేశాలు కూడా కూర్చుంటాయి. రెండూ ప్రభుత్వాల వేదికలే, నిర్ణయాలకు చట్టబద్ధత లేదు. వీటికి కార్మికుల ఒక్కొక్క కేసు పంపితే ఎవరూ తెరవరు. కొలంబో ప్రాసెస్ పెట్టుకున్న అంశాల్లో నైతిక నియామకం ఒకటి. మీ ఫైళ్లలోంచి ఆ అంశానికి సరిపోయేది తీసి రెండు పేజీల్లో, ఒకే కోరికతో రాయండి.

2018లో ఆమోదించిన వలసల ప్రపంచ ఒడంబడిక సమీక్షల్లో సంఘాలకు తలుపు మరికొంత తెరిచి ఉంటుంది. ఇక్కడ చాలామంది గమనించని చిక్కొకటుంది. భారత్ వంతు సమీక్ష బ్యాంకాక్‌లోని ఎస్కాప్ (ఐక్యరాజ్యసమితి ఆసియా-పసిఫిక్ కమిషన్) కింద, గల్ఫ్ దేశాల వంతు బేరూత్‌లోని ఎస్క్వా (పశ్చిమాసియా కమిషన్) కింద జరుగుతుంది. కార్మికుడు బయల్దేరిన ఊరొక సభలో, మోసపోయిన నగరం మరో సభలో. మీరు బ్యాంకాక్‌లో ఎంత చెప్పినా బేరూత్‌లో అదే కాగితం బల్ల మీదికి రాకపోతే సగం పనే అయినట్టు. ఆ రెండో సగం చేసిపెట్టేది పలు దేశాల సంస్థలు కలిసిన నెట్‌వర్కే.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ప్రతి దేశాన్నీ సుమారు నాలుగున్నరేళ్లకోసారి సమీక్షిస్తుంది. దీనికి నివేదిక పంపడానికి ఎకోసాక్ హోదా (సంస్థలకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే గుర్తింపు) అక్కర్లేదు. విడిగా పంపితే 2,815 పదాలు, కలిసి పంపితే 5,630 పదాలు. పరిమితి దాటితే తీసుకోరు. భారత్ వంతు కోసమే ఎదురుచూడకండి, ఖతార్ వంతుకూ సౌదీ వంతుకూ మీరు రాయొచ్చు. వలస కార్మికుల ఒప్పందంపై భారత్ గానీ గల్ఫ్ దేశాలు గానీ చేరలేదు కాబట్టి దాన్ని ఆధారం చేసుకుంటే నిలవదు. ఇంటిపనికి పోయిన మహిళల కేసులను మాత్రం, గల్ఫ్ దేశాలన్నీ చేరిన సీడా (మహిళలపై వివక్ష నిర్మూలన) ఒప్పందం కింద రాయండి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ దారి బలమైనదే కానీ స్వచ్ఛంద సంస్థ నేరుగా అక్కడ ఫిర్యాదు వేయలేదు, కార్మిక సంఘం వేయగలదు. 2014లో ఖతార్‌పై ఫిర్యాదు వేసింది ఆ సంస్థ సదస్సుకు వచ్చిన కార్మిక ప్రతినిధులే. 2017లో అది ముగిసింది, 2018లో దోహాలో ఆ సంస్థ కార్యాలయం తెరిచారు. 2020లో ఖతార్‌లో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలన్న నిబంధన తీసేశారు, 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. కనుక హైదరాబాద్‌లో ఒక కేంద్ర కార్మిక సంఘంతో ఇప్పుడే మాట కలుపుకోండి.

నెట్‌వర్క్, డబ్బు

మనీలా కేంద్రంగా పనిచేసే మైగ్రెంట్ ఫోరమ్ ఇన్ ఏషియా వంటి నెట్‌వర్క్‌లు 2020 జూన్‌లో జీతాల దోపిడీపై ఉమ్మడి ప్రచారం మొదలుపెట్టాయి. ఇలాంటి చోట చేరేటప్పుడు సభ్యత్వం కంటే ముందు సమాచార ఒప్పందం రాసుకోండి. మీరిచ్చిన కేసులు ఎవరు చూస్తారు, అచ్చువేసే ముందు మిమ్మల్ని అడుగుతారా, కార్మికుడు సమ్మతి వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది అన్నవి అందులో ఉండాలి. ఇది లేక, మన కార్మికుల వివరాలు ఎక్కడో నివేదికలో ఫొటోతో సహా కనిపించే ప్రమాదముంది.

ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) దగ్గర జాగ్రత్త. రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. రిజిస్ట్రేషన్ లేకపోతే నెట్‌వర్క్ పంపే ప్రయాణ ఖర్చులను కూడా సంస్థ ఖాతాలో వేయించుకోవద్దు. ముందే ఆడిటర్‌ను అడగండి.

తిరిగొచ్చాక

సభలో ఒప్పుకున్న వాక్యం ఇక్కడి సర్క్యులర్‌గా మారకపోతే కార్మికుడికి ఒరిగేదేమీ లేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్‌కు వెళ్లేవారి కనీస సిఫార్సు వేతనాలను తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, 2021లో పాత వేతనాలు తిరిగొచ్చాయి. మీరూ అలాగే, బయట మన ప్రభుత్వం అన్న మాటను తేదీతో సహా పట్టుకుని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కు (వలసలు చూసే కేంద్ర అధికారికి) లేఖ, నెల రోజుల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు, నియోజకవర్గ ఎంపీ ద్వారా పార్లమెంటులో ప్రశ్న, ఈ వరుసలో వెళ్లండి. ఫైలులో ఉన్న ప్రతి కార్మికుడికీ ఏం జరిగిందో తెలుగులో ఒక పేజీ రాసి పంపండి, ఏమీ జరగకపోయినా సరే. మళ్లీ సంతకం అవసరమైనప్పుడు ఫోన్ ఎత్తాల్సింది వాళ్లే.