పరిశోధన పత్రం చదవడం నేర్చుకుందాం – 5వ భాగం: తాటితోపులో ఎన్ని చెట్లు?

పోయిన భాగంలో ఎనిమిది వరి మొక్కల దగ్గర ఆగాం. నాలుగు మొక్కలు బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకున్నాయి, నాలుగు లొంగిపోయాయి. ఒక జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో ఎనిమిదింటిలోనూ కొలిచామనుకున్నాం. తట్టుకున్న నాలుగింటి కొలతలూ లొంగిపోయిన వాటి కొలతలకన్నా పైనే ఉన్నాయి. ఇది నిజమైన తేడానా, కాకతాళీయమా అన్నది ప్రశ్న.

జవాబు కోసం చీటీలు వేశాం. ఎనిమిది కొలతలూ ఎనిమిది చీటీల మీద రాసి, కళ్లు మూసుకుని నాలుగు తీస్తే, ఆ నాలుగూ 70 రకాలుగా రావచ్చు. అందులో పై నాలుగూ ఒకే చోటికి చేరేది ఒక్కసారి, కింది నాలుగూ చేరేది ఒక్కసారి. కాబట్టి పి-విలువ, అంటే అసలు సంబంధమే లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం, 70లో 2, అంటే సుమారు 0.029. ఇంతకన్నా తక్కువుంటే తేడాను లెక్కలోకి తీసుకోవచ్చని అలవాటుగా వాడే 0.05 గీతకు దిగువనే ఉంది.

ఇంటిపనిగా ఇచ్చింది అయిదు, అయిదు మొక్కల లెక్క. పది చీటీల్లోంచి అయిదు తీసే పద్ధతులు 252. పి-విలువ 2/252, అంటే 0.008. మీకు 1/252 వచ్చిందా? తట్టుకున్న మొక్కల్లోనే కొలత ఎక్కువ ఉంటుందని కొలవకముందే రాసి పెట్టుకుని ఉంటే అదీ సరైనదే. కొలతలు చూశాక అనుకుంటే మాత్రం కాదు.

ఇప్పటివరకూ ఒక్క జన్యువే చూశాం. ఈ రోజుల్లో ల్యాబుల్లో ఒక్క జన్యువును కొలిచి ఊరుకునేవాళ్లు తక్కువ. ఆకు ముక్క నుంచి ఆర్‌ఎన్‌ఏ (పనిచేస్తున్న జన్యువుల నకళ్లు) తీసి యంత్రానికి ఇస్తే అన్ని జన్యువుల చురుకుదనమూ ఒకేసారి అంకెలుగా వస్తుంది. వరి జన్యుపటాన్ని అంతర్జాతీయ బృందం 2005లో ప్రచురించినప్పుడు వేసిన అంచనా 37,544 జన్యువులు. లెక్క సులువు కోసం 37,500 అనుకుందాం.

ఎనిమిది మొక్కలు అవే. చీటీల పద్ధతి అదే. ఇప్పుడొక చేదు ఊహ చేయండి. ఈ 37,500 జన్యువుల్లో ఒక్కదానికీ తెగులుతో ఏ సంబంధమూ లేదనుకోండి. అయినా ప్రతి జన్యువుకూ 70లో 2 వంతులు, అంటే 35లో ఒక వంతు, రెండు గుంపులనూ గీత గీసినట్టు విడదీసే అవకాశం ఉంది. 37,500ను 35తో భాగించండి. 1,071 వస్తుంది.

వెయ్యికి పైగా జన్యువులు! ఒక్కొక్కదాన్నీ విడిగా చూస్తే ఎంత అందంగా ఉంటుందో. పై నాలుగు చుక్కలు, కింద నాలుగు చుక్కలు, మధ్యలో ఖాళీ. పి-విలువ 0.029. అన్నీ ఉత్తవే.

కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగితే కాకతాళీయం అంటాం. ఒక్క చెట్టు, ఒక్క కాకి అయితే అది చూసి ఆశ్చర్యపోవడం సహజం. కానీ ముప్పై ఏడు వేల చెట్ల తోపులో రోజంతా తిరిగి, పండు పడ్డ చెట్లు మాత్రమే ఫోటో తీసి తెస్తే? ఫోటోలు అబద్ధం చెప్పవు. తోపులో ఎన్ని చెట్లున్నాయో మాత్రం వాటిలో కనబడదు. ఏ పత్రం చేతికొచ్చినా ఫలితం కంటే ముందు చెట్ల సంఖ్య వెతకండి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన నైపుణ్యం అదే. మిగతాదంతా ఆ సంఖ్యతో ఏం చేయాలన్న లెక్క.

నమ్మకం కుదరకపోతే ఎక్సెల్‌లో చేసి చూడండి. ఒక నిలువు వరుసలో వెయ్యి గడుల్లో రాండ్ ఫార్ములా, =RAND(), పెట్టండి. అది 0కి 1కి మధ్య ఏదో ఒక అంకె ఇస్తుంది. ఏ సంబంధమూ లేనప్పుడు పి-విలువలు కూడా దాదాపు ఇలాగే చెదిరి ఉంటాయి. 0.05కన్నా తక్కువున్నవి లెక్కపెట్టండి. యాభైకి అటూ ఇటూగా, ఎక్కువసార్లు 36కీ 64కీ మధ్య వస్తాయి. అన్నిటికన్నా చిన్న అంకె చూడండి, 0.001 ప్రాంతంలో ఉంటుంది. ఎఫ్9 నొక్కితే అంకెలన్నీ మారిపోతాయి, కానీ ఆ యాభై మాత్రం మళ్లీ వస్తాయి. పదిసార్లు నొక్కండి. నేను చెప్పే మాటలకన్నా ఆ పది నొక్కుళ్లు బాగా నేర్పుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జన్యువులు నిజంగా వేర్వేరు చెట్లు కావు, గుంపులుగా కలిసి పనిచేస్తాయి. ఒకటి పైకి లేస్తే దాని వెంట వందలాది జన్యువులు లేస్తాయి. సగటు లెక్క 1,071 దీనివల్ల మారదు. కానీ ఒక్కో ప్రయోగంలో వచ్చే సంఖ్య మాత్రం బాగా ఊగిసలాడుతుంది, ఒకసారి రెండు మూడు వందలు, ఇంకోసారి మూడు నాలుగు వేలు రావచ్చు. కాబట్టి 'మాకు 3,000 వచ్చాయి, అనుకున్న వెయ్యికన్నా చాలా ఎక్కువ, అంటే రెండు వేలు నిజమైనవే' అని తేల్చేయకూడదు.

ఇక మందు. పాతదీ కఠినమైనదీ బాన్‌ఫెరోనీ పద్ధతి. 0.05ను చెట్ల సంఖ్యతో భాగించి, ఆ కొత్త గీత దిగువన ఉన్నవాటినే ఒప్పుకోవాలి. మన వరికి 0.05ను 37,500తో భాగిస్తే 0.0000013. నాలుగు, నాలుగు మొక్కలతో చీటీల లెక్క వేస్తే రాగల అతి చిన్న పి-విలువే 0.029 కదా. అంటే ఈ దారిలో ఎంత గొప్ప జన్యువైనా ఆ గీత దిగువకు చేరడం అసాధ్యం! ప్రయోగం మొదలుపెట్టకముందే ఓడిపోయింది. గుంపుకు పదకొండు మొక్కలు పెడితే? 22లోంచి 11 తీసే పద్ధతులు 7,05,432. 2ను దానితో భాగిస్తే 0.0000028, ఇంకా చాలదు. పన్నెండు, పన్నెండు పెడితే 27,04,156 పద్ధతులు, పి-విలువ 0.0000007. ఇప్పుడు గీత దిగువకు వస్తుంది. కాగితం మీద ఈ లెక్కకు పది నిమిషాలు పడుతుంది. మొక్కలు పెంచడానికి ఒక పంటకాలం పడుతుంది. నా దగ్గరికి లెక్క చూపించుకోవడానికి వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది కోత అయిపోయాకే వస్తారు. అప్పుడు 'గుంపుకు ఇంకో ఎనిమిది మొక్కలు పెట్టి ఉండాల్సింది' అని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది.

బాన్‌ఫెరోనీ 'ఒక్క ఉత్త జన్యువు కూడా జాబితాలోకి రాకూడదు' అని పట్టుబడుతుంది. కొత్త ఔషధాన్ని మార్కెట్‌లోకి వదిలేముందు ఆ పట్టుదల ఉండాలి. తర్వాత ఏ జన్యువులు పరిశీలించాలో ఏరుకునే దశలో మాత్రం అది అతి జాగ్రత్త, నిజమైనవి కూడా జారిపోతాయి. జాబితాలో కొన్ని ఉత్తవి ఉన్నా ఫర్వాలేదు, అవి సగటున నూటికి అయిదు మించకపోతే చాలు అన్న ఆలోచనతో 1995లో బెంజమీని, హాచ్‌బర్గ్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ గణాంక శాస్త్రవేత్తలు ఒక పద్ధతి ప్రచురించారు. దీన్ని ఫాల్స్ డిస్కవరీ రేట్ పద్ధతి అంటారు. జన్యుశాస్త్ర పత్రాల్లో ఇప్పుడు మీకు ఎక్కువగా కనబడేది ఇదే. కాబట్టి చేత్తో ఒకసారి చేద్దాం.

పది జన్యువులు, పది పి-విలువలు అనుకోండి. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చాను: 0.001, 0.004, 0.017, 0.019, 0.024, 0.033, 0.041, 0.11, 0.34, 0.72.

ప్రతిదానికీ విడి గీత ఉంటుంది. వరుస సంఖ్యను పదితో భాగించి 0.05తో గుణించాలి. మొదటిదానికి 0.005, రెండోదానికి 0.010, మూడోదానికి 0.015, ఇలా ఒక్కో మెట్టుకు 0.005 చొప్పున పెరుగుతూ పదోదానికి 0.050.

ఇప్పుడు అందరూ పొరబడే చోటు. పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తే మూడోది 0.017, దాని గీత 0.015, గీతకు దిగువన లేదు కాబట్టి ఆగిపోవాలనిపిస్తుంది. ఆగకూడదు. చివరి నుంచి మొదటికి రావాలి. పదోది 0.72, గీత 0.050, కాదు. తొమ్మిది, ఎనిమిది కాదు. ఏడోది 0.041, గీత 0.035, కాదు. ఆరోది 0.033, గీత 0.030, కొద్దిలో తప్పింది. అయిదోది 0.024, గీత 0.025, లోపలే ఉంది. ఇక్కడ ఆగండి. అయిదోదీ దానికి ముందున్నవన్నీ జాబితాలోకి వస్తాయి, మూడోదానితో సహా. మూడోది తన గీతకు దిగువన లేకపోయినా, దాని తర్వాతవి అంత చిన్నగా ఉండటమే దానికి అండ.

ఏ సవరణా లేకుండా 0.05 గీత పెడితే ఏడు జన్యువులు వచ్చేవి. బాన్‌ఫెరోనీ 0.005 గీత పెడితే రెండే. ఈ పద్ధతిలో అయిదు. ఆ అయిదులో ఏది ఉత్తదో ఈ పద్ధతి చెప్పదు. 'ప్రతి జన్యువూ నిజమయ్యే అవకాశం 95 శాతం' అని రాసిన పత్రం కనబడితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, అది తప్పు. హామీ మొత్తం జాబితాకు, అదీ సగటున.

ఇంతకీ చెట్ల సంఖ్య తగ్గించుకోవచ్చా? ఒక్క షరతు మీద తగ్గించుకోవచ్చు. ఏ మొక్క ఏ గుంపుదో చూడకుండా తగ్గించాలి. అన్ని మొక్కల్లోనూ దాదాపు సున్నాగా ఉన్న జన్యువులను ముందే తీసేయడం న్యాయమే. ఆర్‌ఎన్‌ఏ లెక్కలకు ఎక్కువగా వాడే డీఈసెక్2 సాఫ్ట్‌వేర్ ఆ పని తనంతట తానే చేస్తుంది. దాని ఫలితాల పట్టికలో 'పి-అడ్జ్' అన్న వరుస ఇప్పుడు మనం చేత్తో చేసిన లెక్కే. గుంపులు చూసి, తేడా కనబడిన వంద జన్యువులు ఉంచుకుని, 'మేం వందే పరీక్షించాం' అనడం మాత్రం తోపును దాచిపెట్టడమే.

ఇప్పుడు ఒక నిజమైన పత్రం. 1999లో సైన్స్ పత్రికలో గోలబ్, ఆయన సహచరులు అమెరికా నుంచి రక్త క్యాన్సర్ మీద ప్రచురించారు. తీవ్రమైన ల్యుకేమియా రెండు రకాలు, లింఫోబ్లాస్టిక్, మైలాయిడ్. రెండింటికీ చికిత్స వేరు, కాబట్టి పొరబడితే రోగికి నష్టం. 38 మంది మూలుగ నమూనాల్లో 27 మొదటి రకం, 11 రెండో రకం. కొలిచినవి 6,817 జన్యువులు. చెట్ల సంఖ్య దొరికింది కదా, కాబట్టి 0.05 గీతకు ఉత్తగా వచ్చేవి సుమారు 341 అని ఫలితం చదవకముందే మీరు లెక్కగట్టవచ్చు.

వాళ్లు కూడా చీటీలే వేశారు. కాకపోతే 38లోంచి 11 తీసే పద్ధతులు 120 కోట్లకు పైనే, అన్నీ రాయడం కుదరదు. కాబట్టి కంప్యూటర్‌తో ఏ రోగిది ఏ రకమో చెప్పే లేబుళ్లను మళ్లీ మళ్లీ గుడ్డిగా కలిపి, ప్రతిసారీ ఎన్ని జన్యువులు గుంపులతో గట్టిగా కలుస్తున్నాయో చూశారు. లేబుళ్లు కలపడంలో ఒక అందం ఉంది. రోగుల లేబుళ్లు మారతాయి గానీ ఒక్కో రోగిలోని జన్యువులన్నీ కలిసే కదులుతాయి. కాబట్టి పైన చెప్పిన గుంపు మెలికను ఆ లెక్క తనలోనే కలుపుకుంటుంది. అసలు లేబుళ్లతో చూస్తే సుమారు 1,100 జన్యువులు కాకతాళీయానికి మించి రకంతో ముడిపడి కనిపించాయి. వాటిలోంచి 50 జన్యువులతో రకాన్ని చెప్పే ఒక సూత్రం కట్టి, అంతకుముందు ముట్టుకోని 34 కొత్త నమూనాల మీద పరీక్షించారు. 29 విషయాల్లో అది గట్టిగా చెప్పింది, 29 సరైనవే. మిగతా అయిదింట్లో 'తేల్చలేను' అంది. ఆ 'తేల్చలేను' అన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. ఆ తర్వాత ఈ అంకెల పట్టికను అందరికీ తెరిచి ఉంచారు, ఎన్నో తరగతి గదుల్లో విద్యార్థులు ఇప్పటికీ దానిమీదే నేర్చుకుంటున్నారు.

పట్టిక అన్నాను కాబట్టి ఒక్క హెచ్చరిక. ఎక్సెల్‌లో 'సెప్ట్2' అన్న జన్యువు పేరు టైప్ చేస్తే అది సెప్టెంబరు 2 అనుకుని తేదీగా మార్చేస్తుంది. 'మార్చ్1' కూడా అంతే. 2016లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఎక్సెల్‌లో జన్యు జాబితాలు జతచేసిన పత్రాల్లో సుమారు అయిదింట ఒకదానిలో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి 2020 నాటికి జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది, సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2. మీ పట్టిక తెరవగానే పేర్ల వరుసను అక్షరక్రమంలో పేర్చి, తేదీలేమైనా ఒక చోటికి చేరాయేమో చూడండి. అర నిమిషం పని.

ఇంటిపని రెండు. మొదటిది, ఈ ఎనిమిది పి-విలువలకు బెంజమీని-హాచ్‌బర్గ్ లెక్క 0.05 దగ్గర చేత్తో చేయండి: 0.002, 0.013, 0.020, 0.024, 0.030, 0.045, 0.20, 0.61. మొదటి గీత 0.00625 అవుతుంది. పైనుంచి వస్తే ఎక్కడ ఆగేవారో, చివరి నుంచి వస్తే ఎక్కడ ఆగారో రెండూ రాయండి. రెండోది, మీకు నచ్చిన ఏదైనా జీవశాస్త్ర పత్రం తీసుకుని సారాంశం చదవకుండా నేరుగా పద్ధతుల విభాగానికి వెళ్లండి. ఎన్ని జన్యువులు, ఎన్ని గుంపులు, ఎన్ని రకాల పోలికలు, ఎన్నిసార్లు గీత మార్చారు అన్నవి ఒక కాగితం మీద రాసి గుణించండి. ఆ అంకె కొన్నిసార్లు పత్రంలో ఎక్కడా నేరుగా ఉండదు, మీరే ఏరుకోవాలి. ఆ కాగితం పక్కన పెట్టుకునే ఆరో భాగం మొదలుపెడదాం, అందులో కొత్త నమూనాల మీద పరీక్షించడం ఎలా చెడిపోతుందో చూస్తాం.