జర్మనీలో గంజాయి: చూడటానికి వచ్చేవాళ్లకు చట్టం ఎంతవరకు వర్తిస్తుంది?

2024 ఏప్రిల్ 1 నుంచి జర్మనీలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల దగ్గర బయట 25 గ్రాముల దాకా ఎండు గంజాయి ఉంటే నేరం కాదు. ఈ ఒక్క ముక్క పట్టుకుని విమానం ఎక్కేవాళ్లను, కొలోన్‌లో ఉంటున్న నేను చాలామందినే చూస్తున్నాను. మా ఇంట్లో దిగే కుర్రాళ్లు బ్యాగు కింద పెట్టకముందే అడుగుతారు: "అన్నా, షాపు ఎక్కడ?" షాపు లేదు. కొలోన్‌లోనే కాదు, బెర్లిన్‌లోనూ హాంబర్గ్‌లోనూ లేదు. ఈ చట్టం ఇక్కడ నివాసం ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. నాలుగు రోజులు చూసిపోయేవాళ్లు దగ్గర ఉంచుకుంటే ఊరుకుంటుంది గానీ, దాన్ని సంపాదించుకునే దారి మాత్రం ఒక్కటీ ఇవ్వదు. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మొదట్లో ప్రభుత్వం అనుకున్నది వేరు. అప్పటి ఆరోగ్య మంత్రి కార్ల్ లౌటర్‌బాఖ్ 2022లో బయటపెట్టిన ప్రణాళికలో లైసెన్సు ఉన్న దుకాణాలున్నాయి. యూరోపియన్ యూనియన్ చట్టాలు అడ్డం రావడంతో 2023లో దాన్ని కుదించారు. దుకాణాలు పోయాయి, సభ్యులు కలిసి పెంచుకునే క్లబ్బులు మిగిలాయి. 2024 ఫిబ్రవరి 23న జర్మన్ పార్లమెంటు 407 - 226 ఓట్లతో ఆమోదించింది ఆ కుదించిన రూపాన్నే.

ఇక్కడివాళ్లకు మూడు దారులున్నాయి. ఇంట్లో మూడు మొక్కల వరకు పెంచుకోవచ్చు. క్లబ్బులో చేరవచ్చు. డాక్టరు రాసిస్తే ఫార్మసీలో మందుగా తీసుకోవచ్చు. క్లబ్బులో 500 మందికి మించి సభ్యులు ఉండకూడదు. చేరాలంటే కనీసం ఆరు నెలలుగా జర్మనీలో నివాసం ఉండాలి, ఇంట్లో పెంచుకోవడానికీ అదే షరతు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లకు ఈ రెండు తలుపులూ మూసినట్టే. క్లబ్బు మెంబరు మీకు పరిచయమున్నా లాభం లేదు, తన వాటాలోంచి ఇంకొకరికి ఉచితంగా ఇవ్వడం కూడా చట్టం ఒప్పుకోదు.

డాక్టరు చీటీ లేనివాళ్లకు ఇక మిగిలింది వీధిలో అమ్మేవాళ్లు. బెర్లిన్‌లో గోర్లిట్జర్ పార్కు దీనికి ఎప్పటినుంచో పేరు పడింది, అందుకే అక్కడ పోలీసుల తిరుగుడూ ఎక్కువే. అమ్మడం పూర్తిగా నేరం. పైగా ఆ పొట్లంలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. నన్నడిగిన ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఒకటే, వీధిలో మాత్రం కొనొద్దు. వయసులో ఉన్న పిల్లలు కొత్త ఊళ్లో, భాష రాని చోట, చీకట్లో ముక్కూమొహం తెలియనివాడి వెంట పార్కు మూలకు వెళ్లడం తలుచుకుంటేనే నాకు టెన్షన్.

కియోస్కుల్లో, ఆటోమేటిక్ మెషీన్లలో గంజాయి ఆకు బొమ్మ వేసిన రంగురంగుల ప్యాకెట్లు కనిపిస్తాయి. షాపులో అమ్ముతున్నారు కాబట్టి లీగలే అనుకోవద్దు. గంజాయిలాంటి మత్తునిచ్చే హెచ్‌హెచ్‌సీ అనే పదార్థంతో చేసిన గమ్మీలు, వేప్‌లు ఇలాగే విచ్చలవిడిగా అమ్ముడయ్యేవి, 2024 జూన్ చివర్లో దాన్నీ నిషేధించారు. ఆ తర్వాత పేరు మార్చుకుని కొత్తవి వస్తూనే ఉన్నాయి. వాటి జోలికి పోకండి.

ఇప్పుడు ఎక్కడ తాగకూడదో చూద్దాం. దగ్గర పద్దెనిమిదేళ్లలోపు వాళ్లుంటే ఎక్కడా తాగకూడదు. స్కూళ్లు, పిల్లల ఆటస్థలాలు, పిల్లలూ యువకుల కేంద్రాలు, అందరికీ తెరిచి ఉండే క్రీడా మైదానాల్లోనూ, వాటి కనుచూపు మేరలోనూ నిషేధం. కనుచూపు మేర అంటే ప్రవేశద్వారం నుంచి 100 మీటర్ల వరకని లెక్క. పాదచారుల వీధుల్లో ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా కుదరదు. ఈ చివరిదాని దగ్గరే టూరిస్టులు ఎక్కువగా దొరికిపోతారు, ఎందుకంటే వాళ్లు తిరిగేదంతా పాదచారుల వీధుల్లోనే. కొలోన్‌లో షిల్డర్‌గాస్సె అనే షాపింగ్ వీధి మొదట్లో నిలబడి తల ఎత్తి చూడండి. తెల్ల పలక మీద నీలిరంగు గుండ్రం, అందులో పిల్ల చెయ్యి పట్టుకుని నడిచే మనిషి బొమ్మ, ‘జోన్’ అనే మాట ఉంటాయి. జర్మనీలో ఏ ఊళ్లోనైనా పాదచారుల జోన్‌కి ఇదే గుర్తు. ఈ బోర్డు దాటి లోపలికి వచ్చారంటే రాత్రి ఎనిమిది దాకా వెలిగించకూడదు. ఎనిమిది దాటాక ఆ వీధిలో పిల్లలతో నడిచే కుటుంబాలు కనిపిస్తే, అప్పుడూ కూడదు.

ఊరి మధ్యలో ఆటస్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కొత్తవాళ్లకు తెలియదు. ‘బుబాట్స్‌కార్టె’ అనే ఆన్‌లైన్ మ్యాపులో నిషేధిత ప్రాంతాలను రంగు వేసి చూపిస్తారు. అది ప్రభుత్వం చేసింది కాదు కాబట్టి పోలీసు ముందు సాక్ష్యంగా పనికిరాదు, అయినా అంచనాకు ఉపయోగపడుతుంది. బెర్లిన్ నడిబొడ్డున ఆ మ్యాపు తెరిస్తే ఖాళీ జాగా ఎంత తక్కువో తెలుస్తుంది.

రైల్వే స్టేషన్లలో జర్మన్ రైల్వే సంస్థ డాయిషె బాన్ 2024లోనే తన నియమాలు మార్చి గంజాయి తాగడాన్ని నిషేధించింది. హోటల్ గదిలో సిగరెట్‌కి వద్దంటే దీనికీ వద్దనే అర్థం, వాసన వదలకపోతే శుభ్రం చేసిన ఖర్చు మీ బిల్లులో వేస్తారు.

మ్యూనిక్ వెళ్లేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. బవేరియా రాష్ట్ర ప్రభుత్వానికి ఈ చట్టం మొదటినుంచీ ఇష్టం లేదు. అక్కడ పాదచారుల వీధిలో పట్టుబడితే 500 యూరోలు, పిల్లల సమక్షంలో తాగితే 1000 యూరోలు జరిమానాగా పెట్టారు. అక్టోబర్‌ఫెస్ట్ లాంటి జాతరల్లోనూ, బీర్ గార్డెన్లలోనూ తాగకూడదని విడిగా చట్టం చేసుకున్నారు. బెర్లిన్‌లో చూసీచూడనట్టు వదిలేసిన పని అక్కడ అలా వదలరు.

బండి నడిపే విషయానికొస్తే, 2024 ఆగస్టు 22 నుంచి రక్తం సీరంలో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) పరిమితి మిల్లీలీటరుకు 3.5 నానోగ్రాములు. అది దాటితే 500 యూరోల జరిమానా, ఒక నెల డ్రైవింగ్ నిషేధం. దానితోపాటు మద్యం కూడా ఉంటే 1000 యూరోలు. ఇరవై ఒక్క ఏళ్లలోపు వాళ్లకు, కొత్తగా లైసెన్సు తీసుకుని రెండేళ్ల ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ఈ 3.5 వెసులుబాటు కూడా లేదు. మనవాళ్లు "నేను కారు నడపను కదా" అంటారు. ఫుట్‌పాత్‌ల పక్కన వరసగా నిలబెట్టి ఉండే అద్దె ఈ-స్కూటర్లు చట్టం దృష్టిలో మోటారు వాహనాలే! ఫోన్‌తో స్కాన్ చేసి, కాలితో తోసి బయలుదేరేది కాబట్టి బొమ్మబండిలా అనిపిస్తుంది, కానీ దానికి బీమా ప్లేటు ఉంటుంది, కారుకున్న 3.5 లెక్కే దానికీ వర్తిస్తుంది. పార్టీ నుంచి హోటల్‌కి రెండు కిలోమీటర్లే ఉన్నా సరే, ట్రామ్ ఎక్కండి లేదా నడవండి. రోజూ తాగే అలవాటున్నవాళ్లకు మత్తు దిగాక కూడా రక్తంలో టీహెచ్‌సీ రోజుల తరబడి ఉండొచ్చు. ‘తాగింది నిన్న కదా, ఈరోజు ఫర్వాలేదు’ అన్న లెక్క వాళ్లకు కుదరదు.

అన్నిటికంటే ప్రమాదం సరిహద్దు. కొలోన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి నేరుగా ఐసీఈ అనే వేగవంతమైన రైలుంది, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. అక్కడి కాఫీషాపులో కొన్నది జేబులో వేసుకుని వస్తే, రెండు గ్రాములైనా అది జర్మనీలోకి అక్రమ దిగుమతే. ఇక్కడ 25 గ్రాములు ఉంచుకోవచ్చన్న నియమం సరిహద్దు దాటించడానికి పనికిరాదు. షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల మధ్య, చెకింగ్ ఉండదన్న నమ్మకమూ పాతబడింది, 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. ఆ రైల్లో తిరుగు ప్రయాణంలో ఒకసారి నా ముందు సీటు కుర్రాడిని చూశాను. సరిహద్దు ఊరు ఎమ్మెరిక్ దాటాక ఇద్దరు ఫెడరల్ పోలీసులు పాస్‌పోర్టులు చూస్తూ వచ్చి, అతని బ్యాగు తెరవమన్నారు. సాక్సులో చుట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా బయటపడింది. గొడవేం జరగలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. తర్వాతి స్టేషన్‌లో అతన్ని దింపుకుని వెళ్లారు, అతనితో వచ్చిన అమ్మాయి రెండు సూట్‌కేసులతో రైల్లోనే మిగిలిపోయింది.

బయటికి వెళ్లేటప్పుడూ ఇదే నియమం. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, బెర్లిన్ నుంచి ప్రాగ్, ఒక్క పూట ప్రయాణమైనా దగ్గరున్నది దాటించకూడదు. ఇండియాకి తిరిగెళ్లే బ్యాగు గురించి వేరే చెప్పాలా? గల్ఫ్ దేశాల మీదుగా విమానం మారేవాళ్లు జేబులు, గంజాయి నలిపే గ్రైండర్లు, పాత బ్యాగు మూలలు కూడా దులుపుకోవాలి. మత్తు పదార్థాల మీద మన దేశంలో ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది, చాలామందికి ఈ సంగతి తెలియదు.

పోలీసులు ఆపితే పాస్‌పోర్టు చూపించండి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా చెప్పాలి. ‘ఎక్కడ కొన్నావు, ఎవరిచ్చారు’ లాంటి ప్రశ్నలకు జవాబివ్వకుండా ఉండే హక్కు మీకుంది. అబద్ధం మాత్రం చెప్పొద్దు. అర్థం కాని జర్మన్ కాగితం మీద సంతకం పెట్టకండి, దుబాసీని అడగండి. జర్మనీలో చిరునామా లేనివాళ్ల దగ్గర రాబోయే జరిమానా కింద కొంత డబ్బు అక్కడికక్కడే డిపాజిట్‌గా కట్టించుకోవచ్చు. ఇది లంచం కాదు, చట్టంలో ఉన్నదే, రసీదు తీసుకోండి. అదుపులోకి తీసుకుంటే మన రాయబార కార్యాలయానికి తెలియజేయమని అడగవచ్చు. అది బెర్లిన్‌లో ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్‌లలో కాన్సులేట్లున్నాయి. క్రిమినల్ కేసు నమోదైతే తర్వాత వేసుకునే షెంగెన్ వీసాకు అది అడ్డం పడొచ్చు.

2025లో వచ్చిన కొత్త సంకీర్ణ ప్రభుత్వం ఈ చట్టాన్ని సమీక్షిస్తామని ఒప్పందంలోనే రాసుకుంది. కాబట్టి టికెట్ కొన్నాక ఒకసారి జర్మనీ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్ చూసుకోండి, ఇంగ్లిష్‌లోనూ సమాచారం ఉంటుంది.

ఎవరి ఇంట్లోనైనా కేకో బిస్కట్టో పెట్టి ‘ఇందులో వేశాం’ అంటే, తాగినప్పటిలా వెంటనే తెలియదని గుర్తుంచుకోండి. అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఏమీ అవలేదని రెండో ముక్క తిన్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. గుండె దడ, వాంతులు, స్పృహ తప్పడం లాంటివి కనిపిస్తే 112కి ఫోన్ చేయండి, ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. రోగి చెప్పింది బయటపెట్టకుండా ఉంచాల్సిన బాధ్యత జర్మనీలో డాక్టరుకు చట్టప్రకారం ఉంది.