పాట తెలుస్తోంది, మాట తెలియడం లేదు: చిన్న బ్యాండు గాయకులకు ఎఫెక్ట్స్ సమస్యలు, పరిష్కారాలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక వినాయక చవితి పందిరి. కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడ్, నేను. కచేరీ అయ్యాక ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన నన్ను దగ్గరకు పిలిచి, "బాణీని బట్టి పాట పోల్చుకున్నాను బాబూ, సాహిత్యం ఒక్క ముక్క తెలియలేదు" అన్నారు. ఆ రోజు నా కాళ్ల దగ్గర కొత్త వోకల్ పెడల్ (గొంతుకు ఎఫెక్ట్స్ కలిపే, కాలితో నొక్కే పెట్టె) ఉంది. రివర్బ్ (గొంతు వెనుక సాగే ప్రతిధ్వని), డిలే (మాటను కాస్త ఆగి తిరిగి వినిపించేది), హార్మొనీ (వేరే స్వరంలో తోడు గొంతు కలిపేది) మూడూ వేసి పాడాను. అప్పటి నుంచి ఏ ఎఫెక్ట్ ఎంచుకోవాలన్నా ముందు ఒక్కటే చూస్తాను: ఇది వేశాక మాట తెలుస్తోందా?

మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి

ముందుగా మిక్సర్ చూడండి. మన దగ్గర అద్దెకు తెచ్చే మైకుసెట్లలో చాలావాటికి మిక్సర్‌లోనే ఎకో ఉంటుంది. గాయకుడు అడగకపోయినా ఆపరేటర్ దాన్ని కొంత పెట్టే ఉంచుతాడు. దాని మీద మీ పెడల్ రివర్బ్ కూడా పడితే ఎకోకు ఎకో పుడుతుంది. ఆ పందిరిలో జరిగింది ఇదే. "అన్నా, నా మైకుకు ఎకో పూర్తిగా తీసేయండి, పెడల్‌లో నేనే వేసుకుంటాను" అని సౌండ్ చెక్‌లోనే చెప్పాలి. ఆపరేటర్ అనుభవజ్ఞుడైతే పెడల్ రివర్బ్ ఆపేసి ఆ పని ఆయనకే వదలడం ఇంకా మంచిది. ఏదో ఒకచోటే ఉండాలి.

రెండో కారణం హాలు. గ్రానైట్ నేల, నున్నటి గోడలున్న కల్యాణ మండపంలో వెనుక గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే, మీ గొంతు అక్కడ తగిలి సుమారు 100 మిల్లీసెకన్లకు వేదిక మీదికి తిరిగి వస్తుంది. అంటే హాలే మీకొక డిలే పెట్టేసింది. అక్కడ మీరు వేసే ప్రతి ఎఫెక్టూ అదనమే. గోడలు లేని పందిరిలో మాత్రం గొంతు పొడిగా, అంటే ప్రతిధ్వని లేకుండా, వినిపిస్తుంది, కొంచెం రివర్బ్ నిజంగానే కావాలి. ఇంట్లో సాధన చేసేటప్పుడు దాచుకున్న సెట్టింగ్ ఈ రెండు చోట్లా పనికిరాదు.

మూడోది మన భాష. "చుక్క" అనే మాటలో "క్క" పలికే ముందు ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ చిన్న నిశ్శబ్దం వల్లే ఒత్తు చెవికి తెలుస్తుంది. ఎకో ఆ ఖాళీని "చు"తో నింపేస్తే "చుక్క" కాస్తా "చుక" అయిపోతుంది. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, ఆ సాగిన అచ్చు వచ్చే మాట మొదటి అక్షరం మీద పడుతుంది.

అందుకని రివర్బ్ నిడివి నెమ్మది పాటకు ఒకటిన్నర సెకను, వేగం పాటకు ఒక సెకను దాటనివ్వకండి. ప్రీ-డిలే 30 నుంచి 40 మిల్లీసెకన్లు పెడితే అక్షరం ముందు స్పష్టంగా పలికి, ఆ తర్వాతే రివర్బ్ మొదలవుతుంది. రివర్బ్‌లోకి 200 హెర్ట్జ్ కింది శబ్దం వెళ్లకుండా కోసేయండి. తర్వాత పాట తెలియని మనిషిని చివరి వరుసలో నిలబెట్టి, ఒక చరణం పాడి, విన్న మాటలు తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే ఇంకా తగ్గించాలి.

ఎఫెక్ట్ వేయగానే మైకు కూస్తోంది

మీ ముందున్న మానిటర్‌లోకి (మీ గొంతు మీకు వినిపించే స్పీకర్) కూడా రివర్బ్ వెళుతోందేమో చూడండి. మానిటర్‌కు పొడి గొంతే పంపమనాలి. పెడల్‌ను మైకుకు, మిక్సర్‌కు మధ్యలో పెడితే ఇది వీలుకాదు, ఎఫెక్ట్ కలిసిపోయే వెళుతుంది. అప్పుడు పెడల్‌లోనే మోతాదు తగ్గించడం తప్ప మార్గం లేదు. కంప్రెసర్ (పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ తేడా తగ్గించేది) ఎక్కువైనా కూత వస్తుంది, ఎందుకంటే మీరు ఆగిన క్షణంలో చుట్టుపక్కల శబ్దాన్ని అది పైకి లేపుతుంది. దాని నిష్పత్తి 3:1 దగ్గర మొదలుపెట్టండి.

మైకు తలను అరచేత్తో మూసి పట్టుకోకండి. మూస్తే వెనుక నుంచి వచ్చే శబ్దాన్ని ఆపే గుణం పోతుంది. ష్యూర్ ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకుకు మానిటర్ సరిగ్గా వెనుక వైపు ఉండాలి. బీటా 58ఎ లాంటి, ఇంకా ఇరుకుగా పట్టే సూపర్ కార్డియాయిడ్‌కు మాత్రం కొంచెం పక్కకు జరపాలి. దాని చెవిటి దిక్కు సరిగ్గా వెనుక కాదు, రెండు పక్కలా సుమారు 125 డిగ్రీల దగ్గర ఉంటుంది.

గొంతు కీబోర్డు కింద మునిగిపోతోంది

ఇక్కడ చాలామంది ఎకో పెంచుతారు. ఎకో గొంతును వెనక్కి నెడుతుంది, ముందుకు తేదు. మీ మైకుకు 100 హెర్ట్జ్ కింది శబ్దం కోసి, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ కొద్దిగా పెంచండి. పల్లవి, చరణాల్లో ఎడమచేతి వాయింపు తగ్గించమని కీబోర్డు వాయించేవారిని అడగండి. ఏ పెట్టెకన్నా ఇది బాగా పనిచేస్తుంది.

డిలే తాళానికి ఎదురు నడుస్తోంది

60,000ను పాట టెంపోతో (నిమిషానికి ఎన్ని తాళం దెబ్బలో ఆ సంఖ్యతో) భాగించండి. టెంపో 120 అయితే డిలే 500 మిల్లీసెకన్లు. ట్యాప్ మీట ఉంటే కాలితో తాళం వేస్తే చాలు.

పాటలోని సంగతులు చదునైపోతున్నాయి

ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సమస్య. శ్రుతి సరిదిద్దే ఎఫెక్ట్ ప్రతి స్వరాన్నీ పన్నెండు మెట్లలో ఏదో ఒకదానికి లాగుతుంది. స్వరాన్ని ఊపుతూ పలికే మన గమకం ఉండేది మెట్ల మధ్యే. గాంధారం ఊగుతూ ఉంటే యంత్రానికి అది తప్పుగా కనిపిస్తుంది, దిద్దేస్తుంది. సరిదిద్దే వేగాన్ని బాగా తగ్గించండి. గమకాలున్న పాటకు పూర్తిగా ఆపేయండి. అక్కడ తంబురా శ్రుతితో రోజూ చేసే సాధనకు బదులు మరొకటి లేదు.

హార్మొనీలో అపస్వరం పలుకుతోంది

పెడల్‌కు శ్రుతి తప్పుగా చెప్పి ఉంటారు. మన ఒకటిన్నర శ్రుతి దాని భాషలో సి షార్ప్, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జి. శ్రుతి సరిపోయినా తేడా వస్తుంటే రాగం చూడండి. చాలా పెడళ్లకు తెలిసింది మేజరు, మైనరు స్కేళ్లే. మాయామాళవగౌళలోని శుద్ధ రిషభం, అంతర గాంధారం జంట ఆ రెండింటిలోనూ లేదు, కాబట్టి అన్యస్వరం పలుకుతుంది. అలాంటి పాటకు హార్మొనీ వద్దు. పక్కన గిటారు వాయించే తమ్ముడికి ఒక మైకు ఇచ్చి, పల్లవి చివర గొంతు కలపమనండి.

పెడల్ పెట్టగానే గుంయ్ మంటోంది

పెడల్ అడాప్టర్, మిక్సర్ వేర్వేరు బోర్డుల నుంచి కరెంటు తీసుకుంటే 50 హెర్ట్జ్ రొద రావచ్చు. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టండి. రొద పోవాలని ప్లగ్గులో ఎర్త్ తీగ మాత్రం ఎప్పుడూ తీయకండి: తడి నేల మీద, జనరేటర్ కరెంటులో, ఇనుప మైకు పెదాలకు ఆనించి పాడేది మీరే.